ఇప్పుడే టీకి వెళ్ళాడు

మా దుకాణాల వరసలో ఎవరి కోసం ఎవరొచ్చి అడిగినా జవాబు ఒకటే. "ఇప్పుడే టీకి వెళ్ళాడు, వచ్చేస్తాడు." మనిషి ఊళ్ళో లేకపోయినా అదే, ఆసుపత్రిలో ఉన్నా అదే, దుకాణం వెనక సంచుల మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నా అదే. లేడు అంటే వచ్చిన బేరం పక్క వీధికి పోతుంది. ఈ రోజు నీ బేరం నేను నిలబెడితే రేపు నా బేరం నువ్వు నిలబెడతావు. పెట్టుబడి అక్కర్లేని వ్యాపారం ఇది. మా ఆయన నన్నూ, కన్నతల్లినీ, చంకలో పిల్లాణ్ణీ వదిలేసి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన ఏడాదంతా గొడుగుల దుకాణం బాబాయి అడిగినవాళ్ళందరికీ టీకి వెళ్ళాడనే చెప్పాడు. చివరికి మా అత్తయ్య విసిగిపోయి, "ఇంతకాలం తాగుతున్నాడంటే అది టీ కాదురా నాయనా, చెరువు" అంది.

మాది దర్జీ సామాను దుకాణం. గుండీలు, జిప్పులు, హుక్కులు, లైనింగ్ గుడ్డ, దారం రీళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు వెనక్కి నడవాల్సినంత సన్నటి కొట్టు. గోడ పొడుగునా అట్టపెట్టెలు. లోపల ఏముందో తెలిసేలా ప్రతి పెట్టె ముందువైపూ ఒక గుండీ కుట్టి ఉంటుంది. నా కొడుకు ఆ పెట్టెల మధ్యే పాకాడు, అక్కడే నడిచాడు. అక్షరాల కంటే ముందు గుండీలు గుర్తుపట్టాడు. ఎంత అడిగినా నోరు విప్పడు కాబట్టి కళ్ళజోళ్ళ అన్నయ్య వాడికి జిప్పు అని పేరు పెట్టాడు. బళ్ళో తప్ప అందరికీ వాడు జిప్పే.

నోరు విప్పని పిల్లాడితో వచ్చే చిక్కు ఏమిటంటే, బాగున్నప్పుడూ బాగోలేనప్పుడూ వాడు ఒకేలా కనిపిస్తాడు. పదహారో ఏట ఒక ఫోన్ల దుకాణం షట్టరు పగలగొట్టిన కుర్రాళ్ళతో పాటు వాణ్ణీ పోలీసులు పట్టుకున్నప్పుడు నేను నమ్మలేదు. లోపలికి వెళ్ళింది ముగ్గురు పెద్దవాళ్ళు. వీధి చివర నిలబడి ఎవరైనా వస్తున్నారా అని చూసింది నా కొడుకు. ఎందుకు నిలబడ్డావురా అంటే, "నిలబడమన్నారు" అన్నాడు. అంతే, జిప్పు మూసుకుపోయింది.

పిల్లల కోర్టువాళ్ళు మంచి మాటే చెప్పారు. మొదటి తప్పు, వయసు చిన్నది, తల్లి నిలకడైన మనిషి, కాబట్టి బాలనేరస్థుల హోమ్‌కు పంపం, ఏడాదిపాటు ఇంట్లోనే ఉంటాడు, ప్రొబేషన్ ఆఫీసరు చూసుకుంటుంది. ఈ ఏడాదిలో ఇంకొక్కటి జరిగితే మాత్రం హోమ్ తప్పదు. నేను తల ఊపాను. బేరం అర్థమైంది. ఏడాది గడిస్తే నా కొడుకు నాకు మిగులుతాడు, గడవకపోతే మిగలడు.

ప్రొబేషన్ ఆఫీసరు నా కంటే చిన్నది. ఎప్పుడూ సంచిలో బిస్కెట్ల పొట్లం ఉంటుంది, తను తినదు. మొదటిసారి ఆవిడ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆఫీసు వరండాలో ఒక పొడుగాటి బల్ల ఉంది, దాని మీద జిప్పు లాంటి కుర్రాళ్ళు వరసగా కూర్చున్నారు. వారానికోసారి అందరూ వచ్చి ఆ బల్ల మీద మధ్యాహ్నందాకా కూర్చుని సంతకం పెట్టి వెళ్ళాలి. ఆవిడ తలుపు సందులోంచి ఆ బల్లను చూపించి, ఈ ఊళ్ళో కొత్త ముఠాలన్నీ ఎక్కడ పుడుతున్నాయో అని పోలీసులు వెతుకుతున్నారు, నా వరండాలోనే పుడుతున్నాయి, అంది. సైకిలు ఎత్తుకొచ్చినవాడూ, తాళాలు తీయడం వచ్చినవాడూ పక్కపక్కన కూర్చుంటే కబుర్లు ఇంకేం ఉంటాయి?

అందుకని ఆవిడ పద్ధతి మార్చాలనుకుంది. పిల్లలు ఆఫీసుకు రావడం కాదు, వాళ్ళుండే వీధే వాళ్ళను చూసుకోవాలి. బడి అయ్యాక పిల్లాడు ఇంటి దగ్గరో దుకాణం దగ్గరో ఉంటాడు, చుట్టుపక్కలవాళ్ళు ఓ కన్నేసి ఉంచుతారు, తను ఎప్పుడు పడితే అప్పుడు వాళ్ళలో ఎవరికో ఒకరికి ఫోను చేసి, వాడున్నాడా అని అడుగుతుంది. ఇలా చేస్తే పిల్లాడు బాగుపడతాడు, వీధిలోవాళ్ళకూ భయం ఉండదు, ఎందుకంటే చూస్తున్నది వాళ్ళే. పైవాళ్ళు ఒక్క వీధిలో చేసి చూపించమన్నారట. ఆవిడ మా వరసను ఎంచుకుంది.

నాకు నచ్చింది. సరుకు దూరంగా గోదాములో పెట్టి కాపలా పెట్టడం కంటే కళ్ళ ముందు పెట్టుకోవడమే మేలు కదా. నేనే తిరిగి అందరినీ ఒప్పించాను. కళ్ళజోళ్ళ అన్నయ్య, గొడుగుల బాబాయి, బ్యాగులు బాగుచేసే మామయ్య, టీకొట్టు అబ్బాయి. కాదన్నవాళ్ళు ఒక్కరు లేరు. ఆఫీసరు వచ్చి మా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని అందరికీ వివరించింది. బాబాయి చెయ్యి గుండె మీద పెట్టుకుని, "వాడు మా వరస పిల్లాడు మేడమ్, మా కళ్ళు వాడి మీదే ఉంటాయి" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. చిన్నప్పుడు బాబాయి వాణ్ణి భుజాన మోశాడు.

నెలలు బాగా గడిచాయి. జిప్పు బడి నుంచి తిన్నగా కొట్టుకు వచ్చేవాడు. అత్తయ్యకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు, కలిసిపోయిన గుండీలు ఏరి పెట్టేవాడు. ఆఫీసరు ఫోన్లు చేస్తూనే ఉంది, అందరూ ఉన్నాడనే చెబుతున్నారు. మీ వరస గురించి పైవాళ్ళకు రాశాను, ఇంకో వీధిలో కూడా మొదలుపెట్టమంటున్నారు, అని ఆవిడ ఒకసారి సంబరంగా చెప్పింది. ఆ రోజు ఆ బిస్కెట్లలో ఒకటి తనే తిన్నది.

మాకు ఒక దర్జీ ఆవిడ ఖాతాదారు. ఇద్దరు ఆడపిల్లలు, ఇంట్లోనే మిషను. నన్ను అక్కా అంటుంది. గుండీలు కొనడంలో ఆవిడంత పట్టింపు ఇంకెవరికీ లేదు. ఎప్పుడూ గుడ్డ ముక్క తెచ్చి, రంగు కలిసిందాకా నన్ను వదలదు. ట్యూబులైటు వెలుగులో చూడనివ్వదు, వీధిలోకి వచ్చి ఎండలో పట్టమంటుంది. ఆ రోజూ అంతే. పాచి రంగు కోటు గుడ్డ ముక్క తెచ్చింది. ఎవరో కుర్రాడు ఉద్యోగానికి వెళ్ళడానికి కుట్టించుకుంటున్నాడట. పెట్టెలన్నీ దింపించి, చివరికి కొమ్ములాగా చారలున్న ముదురు రంగు గుండీలు తీసుకుంది. ఆ రంగులో అవే ఆఖరివి. వాటిని దారానికి గుచ్చి, కలిసిపోకుండా ఆ గుడ్డ ముక్కనే పిన్నుతో తగిలించి ఇచ్చాను. "ఇవి దొరక్కపోతే ఆ కుర్రాడికి ఉద్యోగం వచ్చేది కాదేమో" అన్నాను. "గుండీలు చూసి ఉద్యోగాలిస్తే నీ కొట్టు ముందు క్యూ ఉండేదక్కా" అంది.

ఆవిడ ఇంకేవో కొనుక్కోవాలని అటు వెళ్ళింది. ఆ రోజు బడి లేక జిప్పు కొట్టులోనే ఉన్నాడు, మధ్యాహ్నం నేను సరుకు కోసం గోదాముకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అత్తయ్య కుర్చీలో కునుకు తీస్తోంది, జిప్పు లేడు. పక్క కొట్టులోంచి కళ్ళజోళ్ళ అన్నయ్య తల బయటపెట్టి, "ఇప్పుడే టీకి వెళ్ళాడు చెల్లెమ్మా" అన్నాడు. వాడు టీ తాగడు. ఆ సంగతి నాకు తెలుసు, అన్నయ్యకూ తెలుసు. కానీ ఆ మాట చెవికి ఎంత అలవాటంటే, లోపలికి పోదు, పక్కనుంచి వెళ్ళిపోతుంది. సరుకు దింపుకునే పనిలో పడ్డాను. కాసేపటికి వాడు వచ్చాడు. మొహం కడుక్కుని ఉన్నాడు. వాడి చోట కూర్చుని పెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికల్లా వీధి అంతా తెలిసింది. బజారు నుంచి ఇంటికి నడిచి వెళ్తున్న దర్జీ ఆవిడ భుజాన ఉన్న సంచిని ఎవరో బండి మీద వచ్చి లాగారు. ఆవిడ వదల్లేదు. బండి ఆగలేదు. కింద పడి కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.

పోలీసులు బండి నడిపినవాణ్ణి రెండో రోజే పట్టుకున్నారు. ఫోన్ల దుకాణం షట్టరు పగలగొట్టిన ముగ్గురిలో బెయిలు మీద బయటికొచ్చిన ఒకడు. వెనక కూర్చుని సంచి లాగింది జిప్పు అని వాడు చెప్పాడట. వెనకవాడి మొహానికి గుడ్డ కట్టి ఉంది, దర్జీ ఆవిడ పోల్చుకోలేకపోయింది. పోలీసులు మా వరసకు వచ్చి అడిగారు. జిప్పు ఆ మధ్యాహ్నమంతా కొట్టులోనే ఉన్నాడని బాబాయి చెప్పాడు, మామయ్య చెప్పాడు. ఆఫీసరు అదే సమయానికి ఫోను చేస్తే ఉన్నాడనే చెప్పానని కళ్ళజోళ్ళ అన్నయ్య చెప్పాడు. నేను ఆ వేళ గోదాములో ఉన్నాను కాబట్టి నన్ను గట్టిగా అడగలేదు. అప్పుడు జిప్పు తేలిగ్గా బయటపడ్డాడన్న కక్ష దొంగ తీర్చుకుంటున్నాడని మా వరస అంతా అనుకుంది. నేనూ అనుకున్నాను.

కొన్నాళ్ళకు దర్జీ ఆవిడ వచ్చింది. చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది, పెద్దపిల్ల తోడొచ్చింది. కోటు మిగిలిపోయిందక్కా, పిల్ల మిషను తొక్కుతోంది, నేను పక్కన కూర్చుని చెబుతున్నాను, ఆ గుండీలు మళ్ళీ కావాలి, అంది. నీకిచ్చినవే ఆఖరివి చెల్లీ, అన్నాను. ఇంకోసారి చూడమంది. చూపించకుండా లేవంటే కొనేవాళ్ళకు నమ్మకం కుదరదు. ఖాళీ పెట్టె చూపిద్దామని ఆ పెట్టె లాగాను.

పెట్టె ఖాళీగా లేదు. దారానికి గుచ్చిన గుండీలు ఉన్నాయి. నేను వేసిన ముడి. పాచి రంగు గుడ్డ ముక్క, పిన్ను.

పెట్టె నా వైపు తిరిగి ఉంది, ఆవిడకు కనబడలేదు. మూసేశాను. లేవు చెల్లీ, అన్నాను. నా గొంతు నాకు మామూలుగానే వినిపించింది. వేరే గుండీలు తీసి, వాటిని ఆవిడ ఎడంచేతిలో పెట్టి, ఎండలోకి తీసుకెళ్ళి చూపించాను. అంతగా కలవలేదని ఆవిడకూ తెలుసు. "పోన్లే అక్కా, ఆ కుర్రాడికి ఇప్పుడు గుండీల కంటే కోటు తొందర" అని తీసుకుంది. వెళ్తూ వెళ్తూ జిప్పు ఎలా ఉన్నాడని అడిగింది. పోలీసులు పాపం వాణ్ణి ఊరికే తిప్పుతున్నారట కదా, అంది.

వాడు బడి నుంచి వచ్చేసరికి అత్తయ్య ఇంటికి వెళ్ళిపోయింది. గుండీలు బల్ల మీద పెట్టాను. వాడు చూశాడు. పారిపోతాడేమో అనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సంచి కాలవలో పారేయమన్నాడు. పారేశాను" అన్నాడు.

"మరి ఇవి?"

"ఇవి కొత్తవి కదమ్మా."

వాడే మళ్ళీ అన్నాడు. "పారేయబుద్ధి కాలేదు."

మంచి సరుకు పారేయడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. విరిగిన గుండీ కూడా బటానీ డబ్బాలో వేసి ఉంచుతుంది అత్తయ్య. నా కొడుకు ఒకావిడ చెయ్యి విరగ్గొట్టి, దొంగసొమ్మంతా కాలవపాలు చేసి, గుండీలు మాత్రం జేబులో వేసుకుని వచ్చి, రంగు చూసి, సరైన పెట్టెలో పెట్టాడు. ఇంకే ఇంటి పిల్లాడైనా వాటిని కూడా విసిరేసి ఉండేవాడు. విసిరేసి ఉంటే నాకు తెలిసేది కాదు.

వాళ్ళతో మళ్ళీ ఎప్పటినుంచి తిరుగుతున్నావని అడిగాను. ఎప్పుడూ మానలేదట. మొదట్లో భయపడ్డాడట, ఎవరైనా చెబుతారేమోనని. "ఒకరోజు నేను ఆయన కొట్టు ముందునుంచే నడిచి వెళ్తుంటే బాబాయి మేడమ్‌తో ఫోన్లో చెప్తున్నాడు, ఇప్పుడే టీకి వెళ్ళాడని. నన్ను చూసి నవ్వాడు కూడా. నేనూ నవ్వాను" అన్నాడు. వాడు అంత పొడుగు మాట మాట్లాడటం ఈ మధ్యకాలంలో నేను వినలేదు.

"ఆవిడ చెయ్యి సంగతి తెలుసా?"

"వదిలేస్తుందనుకున్నాను. అందరూ వదిలేస్తారు." తల వంచుకుని గుండీలను వేలితో ఒకవైపుకు జరిపాడు, మళ్ళీ ఇటు జరిపాడు.

లెక్క వేశాను. నేను వేయగలిగింది అదొక్కటే. నోరు మూసుకుంటే కేసు నిలవదు. దొంగ మాట ఒకవైపు, వరస మాట ఇంకోవైపు. ఏడాది ఎలాగో గడిచిపోతుంది, కొడుకు ఇంట్లో ఉంటాడు. ఇది రాబడి. ఖర్చు వైపు ఏముంది? దర్జీ ఆవిడ వచ్చినప్పుడల్లా ఆ మొహం చూడాలి. అది భరిస్తాను, ఇంతకంటే పెద్దవే భరించాను. కానీ తప్పించుకోవడమనే ఈ సరుకు వాడికి చవగ్గా దొరికితే మళ్ళీ కొంటాడు. ఈసారి చెయ్యి. వచ్చేసారి ఎవరిది, ఏది? లేకపోతే ఆ బండి కింద వాడే పడితే? ఎన్నిసార్లు కూడినా ఈ రెండు వైపులూ సమానం కాలేదు.

ఇంటికి వెళ్ళి అత్తయ్యకు చెప్పాను. మనవడంటే ఆవిడకు ప్రాణం. దాచేద్దామే అంటుందనుకున్నాను. అంటే బాగుండునని కూడా లోలోపల ఉంది. ఆవిడ మోకాళ్ళు రాసుకుంది.

"వాడి నాన్న వెళ్ళినప్పుడు కూడా వీధి వీధంతా కప్పిపెట్టింది కదే. కప్పిపెడితే వచ్చాడా?" అంది.

మర్నాడు కొట్టు తెరవకుండా జిప్పును తీసుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఎక్కడికని అడగలేదు వాడు. వీధి పొడుగునా నా వెనకే నడిచాడు. వరండాలో బల్ల అలాగే ఉంది, ఇప్పుడు దాని మీద పాత కాగితాల కట్టలున్నాయి. ఆవిడ గుండీలు చూసి, నేను చెప్పింది విని, తలుపు సందులోంచి ఆ బల్ల వైపు చూసింది. ఆమె పని కూడా కూలిపోయిందని అప్పుడు నాకు తోచింది. మా వరసను చూపించే కదా ఇంకో వీధికి అనుమతి తెచ్చుకుంది.

"ఈ మాట మీరు చెప్పకపోతే ఎవరూ నిరూపించేవాళ్ళు కాదమ్మా. తెలుసా మీకు?" అంది.

తెలుసన్నాను.

కోర్టులో ఆవిడ మా తరఫున గట్టిగానే నిలబడింది. తల్లే నిజం చెప్పింది, పిల్లాడు ఒప్పుకున్నాడు, హోమ్‌లో పెడితే పాత బల్లకంటే పెద్ద బల్ల మీద కూర్చోబెట్టినట్టే, ఇంట్లోనే ఉంచి పద్ధతి గట్టి చేద్దాం, అని అడిగింది. నేనూ నాకొచ్చిన బేరమంతా ఆడాను. వాడు దర్జీ ఆవిడ చెయ్యి బాగయ్యేదాకా ఆవిడ పని చేసిపెడతాడన్నాను. మధ్యాహ్నాలు కొట్టు మూసేసి నేనే వాడి పక్కన కూర్చుంటానన్నాను. జీవితంలో మొదటిసారి అవతలివాళ్ళు అడగకుండానే నా ధర నేనే తగ్గించుకుంటూ పోయాను. తీర్పు చెప్పే పెద్దావిడ ఓపిగ్గా విన్నది. చెడ్డ మనిషి కాదు. చివరికి ఒక్కటే అడిగింది. "వీడు కొట్టులోనే ఉన్నాడని అంతమంది చెప్పారు కదమ్మా. రేపు మళ్ళీ ఉన్నాడని చెబితే ఎవరి మాట నమ్మమంటారు?"

నేను ఆఫీసరు వైపు చూశాను. ఆవిడ తలెత్తలేదు. దర్జీ ఆవిడ వెనక బల్ల మీద ఉంది. కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

వాణ్ణి హోమ్‌కు పంపారు. పెద్దవాడయ్యేదాకా.

వరస నాతో మాట్లాడటం మానేసింది. బాబాయి ఒక్కడే మొహం మీద అన్నాడు. "మేమంతా నిలబెట్టాం అమ్మాయ్. కన్నదానివి నువ్వు పడగొట్టావు." ఆయన చేసింది తప్పని ఆయనకు ఎలా చెప్పను? నా భర్త పరువూ, నా కొట్టూ ఆయన అబద్ధం మీదే నిలబడ్డాయి. ఇప్పుడు నేను కొట్టులో లేనప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే, "నాకేం తెలుసు" అంటున్నాడట. వాళ్ళు పక్క వీధికి పోతున్నారు.

కొంతకాలానికి ఆఫీసరు మళ్ళీ వరసకు వచ్చింది. పథకాన్ని పూర్తిగా మూసేయమని పైవాళ్ళు అన్నారట, ఆవిడ ఇంకొక్కసారి అవకాశం అడిగింది. అదే స్టూలు మీద కూర్చుంది. ఎవరినీ తప్పుపట్టలేదు. "నేను అడిగిన ప్రశ్నే తప్పు. ఉన్నాడా అని అడిగాను. మీ దగ్గర దానికి ఒకటే జవాబు ఉందని నాకు తెలియదు" అంది. కళ్ళజోళ్ళ అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మేం వాడి మంచికే చెప్పాం మేడమ్, అన్నాడు. తెలుసండీ, అంది ఆవిడ. మరి ఎలా అడగాలో మీరే చెప్పండి.

నేను పెట్టెల వెనక నిలబడ్డాను. మాట్లాడింది దర్జీ ఆవిడ. దారం కోసం వచ్చి, అందరితో పాటు అక్కడే నిలబడి వింటోంది.

"వీళ్ళనడిగితే ఏం తెలుస్తుంది? వాడు వచ్చినా రాకపోయినా వీళ్ళకు పోయేదేముంది? ఒక కుర్రాణ్ణి నా దగ్గరికి పంపండి. నా చెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు. కోట్లు మోయాలి, కాజాలు కుట్టాలి. వాడు రాకపోతే నా పని ఆగుతుంది. నా పని ఆగితే నేను టీకి వెళ్ళాడని చెప్పను, నాలుగు తిట్టి ఎక్కడున్నా లాక్కొస్తాను."

బాబాయి కూడా నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు, సంచిలోంచి కలం తీసింది. అక్కడ మొదలైంది. ఎవరి వీధిలో ఎవరికి ఏ పిల్లాడి అవసరం ఉందో ముందు వెతకాలి, కాపలా కాసేవాళ్ళను కాదు, వాడి కోసం ఎదురుచూసేవాళ్ళను. దెబ్బ తిన్నవాళ్ళకు ఇష్టమైతే వాళ్ళనూ అడగాలి, ఇష్టం లేకపోతే బలవంతం చేయకూడదు. ఒకరి దగ్గర ఒక్కడే. రాకపోతే మొదట ఫోను చేసేది ఇంటికి, పోలీసులకు కాదు. ఇంట్లోవాళ్ళు చెప్పిన నిజం పిల్లాడి మీదికి కత్తి కాకుండా ఏం చేయాలో దాని గురించి ఆవిడ చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. నాకు ఆలస్యంగా అందిన సరుకు అది. మంచిదే, గట్టిదే. ఎవరో వాడుకుంటారు.

వాడుకుంటున్నారు కూడా. దర్జీ ఆవిడ దగ్గరికి ఒక కుర్రాడు వస్తున్నాడు, బళ్ళు ఎత్తుకెళ్ళిన కేసు. వాగుడుకాయ. గుండీల కోసం గుడ్డ ముక్క పట్టుకుని నా కొట్టుకు వస్తాడు, ఎండలో పట్టి చూస్తాడు, మా మేడమ్ ఒప్పుకోదండీ ఈ రంగు, అని తిప్పి ఇస్తాడు. వాళ్ళమ్మ ఒకసారి నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది, మీ వల్లే నా కొడుకు ఇంట్లో ఉన్నాడు, అంది. నేను ఆవిడకు ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆ రోజు అమ్మిన ప్రతి రీలూ రంగు తప్పి ఇచ్చాను, మర్నాడు అందరూ తిరిగొచ్చారు.

నెలకోసారి హోమ్‌కు వెళ్తాను. పొడుగాటి గది, గోడలకు సగం దాకా ఆకుపచ్చ రంగు, బల్లకు అటు వాళ్ళు, ఇటు మేము. మొదటి రెండుసార్లు వాడు రానన్నాడు. మూడోసారి వచ్చాడు. పొడుగయ్యాడు. చొక్కాకు పైగుండీ లేదు, ఆ చోట పిన్ను పెట్టుకున్నాడు. నా సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి కానీ లోపలికి రానివ్వరు, గేటు దగ్గర ఇచ్చి రావాలి. ఆ చొక్కానే చూస్తూ కూర్చున్నాను. నేను బడి గురించి అడిగాను, తిండి గురించి అడిగాను. ఊ అన్నాడు. వెళ్ళే వేళయ్యింది. అప్పుడు వాడే మాట్లాడాడు.

"నాన్నమ్మ ఇంకా కిందే పడుకుంటోందా?"

"మోకాళ్ళు వంగడం లేదు. అయినా కిందే."

"నా మంచం ఇచ్చెయ్యమ్మా ఆవిడకు. ఊరికే ఉంది కదా."

"నువ్వొచ్చాక ఎక్కడ పడుకుంటావురా?"

వాడు కోపంగా లేడు. మా కొట్టులో కొనేవాళ్ళతో నేను మాట్లాడే పద్ధతిలో, తేలిగ్గా, ఇద్దరికీ ఇబ్బంది లేకుండా అన్నాడు. "అప్పటి సంగతి కదా. చూద్దాం."

ఇంటికి వచ్చి అత్తయ్యకు చెప్పాను. మనవడు పంపిన మాట కాబట్టి కాదనలేదు. ఇద్దరం కలిసి వాడి మంచం మీద పాత పుస్తకాలు తీసేసి, కొత్త దుప్పటి పరిచాం. ఆవిడ పక్కన నిలబడి దుప్పటి మీద చేత్తో రెండు మూడుసార్లు సాపు చేసింది. తర్వాత గోడవార చాప పరుచుకుని, గోడ పట్టుకుని మెల్లగా కిందికి వంగింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

"దుప్పటి నలిగిపోతుందే" అంది.